విరిగి అతికిన హెడ్‌స్టాక్ గిటార్ కొనవచ్చా?

బరంపురం కుర్రాడు: సెకండ్‌హ్యాండ్ ఎపిఫోన్ లెస్ పాల్ గిటార్, 12,000 చెప్తున్నారు. హెడ్‌స్టాక్, అదే మెడ చివర తీగలు బిగించే మరలుండే తల, ఒకసారి విరిగితే అతికించారట. నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ) వెనకాల గోటికి తగిలే గీత ఉంది, ట్యూనింగ్ మాత్రం నిలుస్తోంది. నట్ అరిగిపోయింది, ఎలాగూ మార్చాలి. తీసుకోవచ్చా?

రాయగడ చెక్కపని: కళ్ళు మూసుకుని తీసుకో తమ్ముడూ. ఈ వాటం గిటార్లకి అదే ఆయువుపట్టు. ఎపిఫోన్ గిబ్సన్ వాళ్ళదే, ఆ గిబ్సన్ పాత లెస్ పాల్‌లో హెడ్‌స్టాక్ వెనక్కి 17 డిగ్రీలు వాలి ఉంటుంది. పైగా మెడ వంగకుండా లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పే మర కోసం సరిగ్గా అక్కడే గుంట తవ్వుతారు. వెల్లకిలా పడిందా, టప్పున పోతుంది. అందుకే 1970లలో మెడ వెనక వాల్యూట్ అని బుడిపె పెట్టారు. ఏటవాలుగా పొడుగ్గా చీలిందనుకో, మంచి వుడ్ గ్లూ లోపలిదాకా పట్టించి, క్లాంపులు బిగించి ఒక రోజు కదపకుండా వదిలేస్తే చెక్కకంటే అతుకే గట్టి. మా నాన్న తలుపులు చేసేవారు, అతికిన చోట మళ్ళీ విరగడం నేను చూళ్ళేదు.

మూడో తీగ: తలుపుకి తీగలుండవు బాబూ 😄

పర్లాకిమిడి బేస్: అదీ మాట. 10–46 మందం తీగల సెట్ బిగిస్తే దాదాపు 45 కిలోల లాగుడు, రాత్రీ పగలూ. మామూలు తెల్ల జిగురు వాడి ఉంటే మన ఎండలకి మెల్లగా జారుతుంది. ఎపాక్సీ అయితే రేపు మళ్ళీ విరిగినప్పుడు అది గీకి తీయడమే పెద్ద పని. ఇలాంటిదే 22,000 పోసి కొని మోసపోయినవాణ్ణి, అందుకే చెప్తున్నా.

రాయగడ చెక్కపని: తెల్ల జిగురని నేనన్నానా? వుడ్ గ్లూ అన్నాను. పసుపు రంగుది.

పర్లాకిమిడి బేస్: అతికినవాడు ఏది వాడాడో మీకెలా తెలుసు?

మూడో తీగ: ఫెండర్ కొనుక్కో, హెడ్‌స్టాక్ వాలదు, గొడవ లేదు.

బరంపురం కుర్రాడు: నేనడిగింది అది కాదండీ...

రాయగడ చెక్కపని: బేస్ గారూ, ఇందాకట్నుంచి మోసం మోసం అంటున్నారు. మీది కొన్న ఎన్నాళ్ళకి విరిగింది?

పర్లాకిమిడి బేస్: విరగలేదు.

రాయగడ చెక్కపని: ఏటీ?

పర్లాకిమిడి బేస్: ఆరేళ్ళయింది, విరగలేదు. ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తున్నాను. అమ్మినాయన మా చర్చిలోనే, నోరారా అన్నా అని పిలిచే మనిషి. అతుకు మీద నల్ల పెయింట్ కొట్టి చేతిలో పెట్టాడు. రెండో వేసవికి పెయింట్ వెంట్రుకలా చిట్లితే బయటపడింది. అడిగితే "వాయించుకోడానికేమైనా అడ్డొచ్చిందా" అన్నాడు. మీరూ ఇప్పుడదే అంటున్నారు.

రాయగడ చెక్కపని: అది వేరే సంగతి, ముందే చెప్పొచ్చుగా. నేనూ రెండు అతికి అమ్మాను. ఒకాయనకి చెప్పాను. రెండో ఆయన అడగలేదు.

పర్లాకిమిడి బేస్: అడగలేదు!!

మూడో తీగ: 🍿

బరంపురం కుర్రాడు: మా అమ్మేవాయన పగులు ఫోటోలు ముందే పంపాడు. 9,000కి అడుగుతా. బేస్ అన్నా, మీ ఊరి కొమ్ము పనివాళ్ళు నట్ చెక్కగలరా?

పర్లాకిమిడి బేస్: కొమ్ముతో కొంగ బొమ్మలు చేసే చేతులకి అదెంత. కొలతకి పాత నట్ తీసుకురా. డబ్బిచ్చే ముందు ట్రస్ రాడ్ తిప్పి చూడు, జిగురు లోపలికి కారి పట్టేసి ఉంటుంది ఒక్కోసారి.

రాయగడ చెక్కపని: మెల్లగా తిప్పు. పావు చుట్టు చాలు.