పార్కు వైఫైకి మా ఆయన ఓటీపీ చెప్పేశారు, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

అడిగినవారు: కానుగచెట్టు

మాది హైదరాబాద్. ఇంటి వెనక వీధిలోనే పార్కు. రోజూ పొద్దున ఆరింటికి నేనూ మా ఆయనా నాలుగు చుట్లు నడుస్తాం. గేటు పక్కన లైటు స్తంభానికి వైఫై డబ్బా బిగించారు. ఫోన్ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ వేస్తే కాసేపు ఉచితంగా నెట్ వస్తుంది.

పోయిన మంగళవారం నాకు మోకాలు నొప్పిగా ఉండి ఆయనొక్కరే వెళ్లారు. కానుగ చెట్టు కింద బెంచీ మీద ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని, "అంకుల్, మా సిమ్‌కి సిగ్నల్ లేదు, హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, మీ నంబరు మీద వైఫై పెట్టుకుంటాం" అన్నారట. ఆయన ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. పరీక్ష అన్న మాట చెవిన పడితే ఇంకేమీ ఆలోచించరు. నంబరూ చెప్పారు, ఓటీపీ కూడా చెప్పారు.

గురువారం నేను వెళ్లేసరికి వాళ్లు అదే బెంచీ మీద ఉన్నారు. గేటు దగ్గర పూలమ్మే ఆవిడను కూడా అలాగే ఓటీపీ అడుగుతున్నారు. చెట్టు వెనక నుంచి తిరిగి వస్తుంటే ఒకడు ఫోన్‌లో అంటున్న మాట విన్నాను: "మీ కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు సార్, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ తీసేస్తారు." చేతిలో నంబర్లు రాసిన కాగితం. నా కాళ్లు వణికాయి. ఆ అవతలి మనిషి ఎవరో, డబ్బు పంపేశారో ఏమో అని ఆ రోజంతా అన్నం సయించలేదు.

గార్డుకు చెబితే వైఫై తన పని కాదన్నాడు. స్తంభం మీద ఉన్న నంబరుకు రెండుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. కాలనీవాళ్లేమో ఆ డబ్బానే పీకించేద్దాం అంటున్నారు. నాకు అది ఇష్టం లేదు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు సాయంత్రాలు ఆ స్తంభం కిందే కూర్చుని ఇంటర్ పాఠాలు వింటుంది.

ఆ ఫోన్లు చేసింది మా ఆయన నంబరు మీద వచ్చిన నెట్‌తోనే అయితే ఆయన మీదకు కేసు వస్తుందా? ఎవరికి చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్తంభం ఎక్కేవాడు

అమ్మా, నేను ఎనిమిదేళ్లుగా ఈ డబ్బాలు బిగించే పనిలోనే ఉన్నాను. ముందు ఒక్క పని చేయండి. సార్ ఫోన్‌లో ఆ మంగళవారం వచ్చిన ఓటీపీ మెసేజ్ తెరిచి, అది ఎవరు పంపారో చదవండి. అది నిజంగా వైఫైదేనా? వైఫై పేరు చెప్పి వాట్సాప్ కోడ్ అడిగి తీసుకునేవాళ్లు ఉన్నారు. వాట్సాప్‌దే అయితే ఆయన ఖాతా వాళ్ల చేతికి పోయినట్టే, వెంటనే మళ్లీ నమోదు చేసుకోవాలి. ఏదైనా సరే ఆ మెసేజ్ చెరిపేయకండి, అందులో ఉన్న సమయమే మీకు సాక్ష్యం.

ఓటీపీ ఎందుకు పెట్టారో కూడా చెబుతాను. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది. వెతికితే అది నవీ ముంబైలో ఉంటున్న ఓ విదేశీయుడి ఇంటి వైఫై నుంచి పోయిందని తేలింది. ఆయనకేమో దాని సంగతే తెలియదు. ఆ తర్వాత 2009లో టెలికం శాఖ, వైఫై వాడే మనిషి ఎవరో తెలియాల్సిందేనని నెట్ కంపెనీలకు చెప్పింది. అందుకే ఫోన్ నంబరు అడుగుతారు. కుర్రాళ్లు మీ ఆయన నంబరు వాడింది కూడా అందుకే, అక్కడ వాళ్ల ఆనవాలు మిగలకూడదని.

మా దగ్గర లాగ్‌లో, అంటే ఎవరెప్పుడు వాడారో రాసుకునే చిట్టాలో, నంబరు, ఎప్పుడు ఎక్కారు, ఎప్పుడు దిగారు, ఫోన్ మ్యాక్ అడ్రస్ (ఆ పరికరం గుర్తింపు సంఖ్య) లాంటివి ఉంటాయి. ఏం మాట్లాడారో ఉండదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. అవి మీరడిగితే ఇవ్వరు, పోలీసులు అడిగితే ఇస్తారు. అందుకే ఆలస్యం చేయొద్దు. ఫోన్‌లో కనిపించే నెట్‌వర్క్ పేరు అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి, స్తంభం మీద నంబరు ఉంటే అదీ రాయండి. అదే పేరుకు దగ్గరగా ఇంకో పేరు కనిపిస్తే అది కూడా. ఎవరో పక్కన సొంత హాట్‌స్పాట్ పెట్టి జనాన్ని లాగుతూ ఉండొచ్చు.

జవాబు: నల్లకోటు

మీ ఆయన తెలిసి మోసానికి సాయం చేయలేదు. ఇప్పుడే వెళ్లి జరిగింది జరిగినట్టు రాసిస్తే, రేపు లాగ్‌లో ఆయన నంబరు కనబడినా ఆ కాగితమే ఆయన తరఫున మాట్లాడుతుంది. పోలీస్ స్టేషన్‌కు రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఐటీ చట్టంలో 66డి సెక్షన్ ఉంది: కంప్యూటర్, ఫోన్ లాంటివాటితో వేరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు.

1930 నంబరు సైబర్ మోసంలో డబ్బు పోయినవాళ్లకు. పోయిన గంటలోపు చేస్తే ఆ సొమ్ము ఆపే వీలుంటుంది. మీ డబ్బు పోలేదు కాబట్టి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరంగా రాయండి. వాళ్లు బెంచీ మీద ఉండగానే కనబడితే 112కు చేయండి. దగ్గరకు పోయి నిలదీయకండి, ముఖాల వీడియో తీసి కాలనీ గ్రూపులో పెట్టకండి. పొరపాటున వేరే పిల్లాడి ముఖం అందులో పడితే వాడి బతుకు పాడవుతుంది.

టెలికం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మీ ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా ఒకసారి చూసుకోండి.

జవాబు: ఉదయం జాగింగ్

ఆంటీ, మా పార్కులో ఒకడు అదే ఉచిత నెట్‌లో పాడు వీడియోలు పెట్టి, అమ్మాయిలు దగ్గరికి రాగానే స్క్రీన్ మావైపు తిప్పేవాడు. నేను మూడు వారాలు దారి మార్చుకుని నడిచాను, అదే నా తప్పు. మహిళకు ఇష్టం లేకుండా అశ్లీల చిత్రాలు చూపించడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక వేధింపు అని షీ టీమ్స్‌కు (మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు) చెప్పాకే తెలిసింది. తేదీ, సమయం, ఏ బెంచీ అని అడిగారు. వాళ్లు మఫ్టీలో వచ్చారు.

జవాబు: గ్రూప్-2 మూడోసారి

దయచేసి డబ్బా పీకించొద్దు. మా హాస్టల్ గదిలో సిగ్నల్ రాదు. నా మాక్ టెస్టులన్నీ పార్కులోనే రాస్తాను, నా నంబరుతో, నా ఓటీపీతో.

అడిగినవారు: కానుగచెట్టు

అందరికీ దండాలు. మెసేజ్ చూశాం, వైఫైదే, 6.22కు వచ్చింది. సిమ్‌లు రెండే ఉన్నాయి, రెండూ ఆయనవే. నిన్న స్టేషన్‌కు వెళ్లాం. పూలమ్మే ఆవిడ కూడా బేరం వదులుకుని మాతో వచ్చింది, ఆవిడ వాంగ్మూలం కూడా రాసుకున్నారు. ముద్ర వేసిన కాపీ బీరువాలో పెట్టాను. కాలనీ మీటింగ్‌లో డబ్బా పీకే మాట పక్కన పెట్టించి, "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని తెలుగులో, ఉర్దూలో బోర్డు రాయించడానికి ఒప్పించాను. ఉర్దూ మాటలు గార్డే చెప్పాడు. వాచ్‌మన్ కూతురికి చూపిస్తే అక్షరాలు ఇంకా పెద్దగా ఉండాలంది.