రోజూ ఫైళ్లు చేత్తో కాపీ చేస్తున్నా, బ్యాచ్ ఫైల్‌తో కుదురుతుందా?

ప్రశ్న (చీమకుర్తి నుంచి):
అన్నా, గెలాక్సీ గ్రానైట్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని నాది. ఏ బ్లాక్‌కి ఎన్ని స్లాబులొచ్చాయి, ఒక్కోదాని పొడవు వెడల్పు ఎంత అన్నది ఎక్సెల్‌లో ఎక్కించి, సాయంత్రం ఆ ఫోల్డర్‌ని బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తా. మొన్న ఒంగోలు బస్సు అందదన్న తొందరలో డిస్క్‌లోని పాత ఫైలుని కొత్తదాని మీద పేస్ట్ చేసేశా. రెండు బ్లాకుల కొలతలు పోయాయి. యార్డులో టేపు పట్టుకుని స్లాబు స్లాబూ మళ్లీ కొలిచాం. బ్యాచ్ ఫైల్‌లో రోబోకాపీ (విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే కమాండ్) రాసి స్లాష్ ఎం.ఐ.ఆర్ పెడితే చాలన్నారు. పెట్టొచ్చా?

జవాబు (నెల్లూరు నుంచి):
తమ్ముడూ, అది మాత్రం వద్దు. ఇక్కడ లేని ఫైలు అక్కడా ఉండకూడదన్నది ఎం.ఐ.ఆర్ లెక్క. నువ్వు పొరపాటున ఒక ఫైలు డిలీట్ చేస్తే, సాయంత్రం బ్యాకప్‌లోంచీ తీసేస్తుంది.

బ్యాచ్ ఫైల్ అంటే కమాండ్లు రాసిపెట్టుకునే ఫైలే. నోట్‌ప్యాడ్‌లో ఒకే లైను రాయి: రోబోకాపీ, నీ ఫోల్డర్ దారి, హార్డ్‌డిస్క్‌లోని ఫోల్డర్ దారి, ఆపైన స్లాష్ ఇ, స్లాష్ ఎక్స్.ఓ. మొదటిది లోపలి ఫోల్డర్లతో సహా తీసుకెళ్తుంది. రెండోది పాత ఫైలుని కొత్తదాని మీద పడనివ్వదు. దారులు రెండూ డబుల్ కోట్స్‌లో ఉండాలి, కోట్ మూసే ముందు బ్యాక్‌స్లాష్ ఉండకూడదు.

స్లాష్ ఆర్ కోలన్ 2 (మళ్లీ ప్రయత్నించేది రెండుసార్లే), స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 (మధ్యలో ఆగేది 5 సెకన్లే) తప్పకుండా చేర్చు. ఇవి లేకపోతే, తెరుచుకోని ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అంటే దాదాపు ఏడాది! ఎక్సెల్ మూసేశాకే నడుపు.

ఫైలుకి రోబోకాపీ అనే పేరు మాత్రం పెట్టకు. అసలు ప్రోగ్రామ్ బదులు తనని తానే పిలుచుకుంటూ ఆగకుండా తిరుగుతుంది. ‘కొలతలు డాట్ బ్యాట్’ అని సేవ్ చేసుకో. మొదటిసారి చివర స్లాష్ ఎల్ కలిపి నడుపు. ఏమేం కాపీ అవుతాయో చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు.

ప్రశ్న (చీమకుర్తి):
స్లాష్ ఎల్‌తో చూశా అన్నా, ఈరోజు మార్చిన ఫైళ్లే వచ్చాయి. అది తీసేసి, టైముకి దానంతటదే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో సాయంత్రం 7కి పెట్టా. ఫైళ్లన్నీ వెళ్లాయి గానీ, ఫలితం దగ్గర 1 అని ఉంది. టెన్షన్‌గా ఉంది, ఫెయిలైనట్టా?

జవాబు (నెల్లూరు):
కాదు. రోబోకాపీలో 1 అంటే ఫైళ్లు సరిగ్గా కాపీ అయ్యాయని, 0 అంటే కొత్తగా కాపీ చేసేది ఏమీ లేదని. 8, ఆపైన వస్తేనే ఏదో తప్పింది. ఆ లైను కింద ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8 పాజ్’ అని రాసుకో, అప్పుడు మాత్రమే నల్ల విండో మూసుకోకుండా నిలబడుతుంది. పెన్‌డ్రైవ్‌లు మార్చి మార్చి పెడుతుంటే హార్డ్‌డిస్క్‌కి విండోస్ ఇచ్చే అక్షరం (డ్రైవ్ లెటర్) మారిపోవచ్చు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దానికి జెడ్ అని ఇచ్చెయ్, బ్యాచ్ ఫైల్‌లోనూ అదే రాయి.