అప్‌డేట్: డిస్క్ ఖాళీగా ఉన్నా "డిస్క్ ఫుల్" – కారణం దొరికింది

40 జీబీ ఖాళీ ఉన్నా, 3 జీబీ ఎస్‌క్యూలైట్ (మొత్తం డేటాని ఒకే ఫైల్‌లో పెట్టే చిన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటాబేస్ మీద వాక్యూమ్ (లోపలి ఖాళీలు తీసేసి ఫైల్‌ని కుదించే కమాండ్) కొడితే "డిస్క్ ఫుల్" అంటోందని మొన్న అడిగాను కదా, దొంగ దొరికాడు. వాక్యూమ్ ముందు అంతా ఒక టెంపరరీ ఫైల్‌లోకి కాపీ చేసుకుంటుంది. మా సర్వీస్ సెట్టింగుల్లో ఎవరో (సరే, నేనే, రెండేళ్ల కిందట) టెంప్ డైరెక్టరీని ర్యామ్‌లో ఉన్న 512 ఎంబీ జాగాకి మళ్లించారు. తెరవగానే ఆ టెంపరరీ ఫైల్ పేరుని ఎస్‌క్యూలైట్ చెరిపేస్తుంది కాబట్టి ఎల్ఎస్‌లో (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) ఏమీ కనబడదు. ఎల్ఎస్ఓఎఫ్‌లో (తెరిచి ఉన్న ఫైళ్లను చూపే కమాండ్) దాని పక్కన "డిలీటెడ్" అని పడింది. టెంపరరీ ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే ఎస్‌క్యూలైట్ టెంప్‌డిర్ సెట్టింగ్‌ని పెద్ద డిస్క్‌కి మార్చాక పనైపోయింది.

జర్నల్ ఫైల్ (మార్చే ముందు పాత పేజీలను దాచుకునే ఫైల్) తీసేయమన్నవాళ్లకు దండం, తీయలేదు. మధ్యలో కరెంటు పోతే సగం రాసిన పేజీలను (డేటాబేస్ ఫైల్‌లోని ముక్కలను) మళ్లీ పాత స్థితికి తెచ్చేది అదే.