సేకరణలోని వినైల్ రికార్డుల వివరాలు ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: కొన్నేళ్లుగా పోగుచేసిన రికార్డులను ఇప్పుడు ఒక్కొక్కటిగా వింటూ వాటి వివరాలు రాసి పెట్టుకోవాలనుకుంటున్నాను. అట్ట మీద ముద్రించిన సంవత్సరాన్నే నా దగ్గరున్న కాపీ తయారైన సంవత్సరంగా భావించవచ్చునా?

సమాధానం 1: భావించలేమండీ. అట్ట మీద ఉండేది చాలాసార్లు మొదటి విడుదల సంవత్సరమే. అదే అట్టతో తర్వాత మళ్లీ మళ్లీ అచ్చువేసి ఉండవచ్చు. చివరి పాట ముగిసిన చోటికీ లేబుల్ అంచుకూ మధ్యనున్న నున్నని భాగాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టి చూస్తే, చెక్కిన అక్షరాలూ అంకెలూ కనబడతాయి. అది మ్యాట్రిక్స్ సంఖ్య. ఆ కాపీ ఏ మాస్టర్ (రికార్డులు అచ్చువేయడానికి మూలమైన పలక) నుంచి వచ్చిందో చెప్పే ఆధారం అదే. రెండు వైపులకూ విడివిడిగా రాసుకోండి, ఎందుకంటే అవి వేర్వేరు కోతలకు, అంటే మూల పలక మీద వేర్వేరుసార్లు గాడి చెక్కిన వాటికి, చెందినవి కూడా కావచ్చు.

సమాధానం 2: వేగం కూడా రాయండి. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఎల్‌పీని (లాంగ్ ప్లే, అంటే ఎక్కువసేపు మోగే రికార్డును) కొలంబియా 1948లోనూ, 45 సార్లు తిరిగే చిన్న రికార్డును ఆర్‌సీఏ విక్టర్ 1949లోనూ తెచ్చాయి. పాత 78 వేగపు లక్క రికార్డులు కూడా ఉంటే, వాటి గాడి వెడల్పైనది గనుక ఎల్‌పీ ముల్లుతో వాయించకండి.

సమాధానం 3: ప్రతి వైపూ చివరి పాటను మరింత శ్రద్ధగా వినమంటాను. లోపలికి వెళ్లేకొద్దీ ఒక్కో చుట్టులో గాడి పొడవు తగ్గుతుంది కాబట్టి, అరుగుదల గానీ ముల్లు అమరికలోని తేడా గానీ అక్కడే స్పష్టంగా బయటపడుతుంది. నా మట్టుకు, సంఖ్యల పట్టిక కంటే ఇలా విని రాసుకున్న మాటలే ఎక్కువ పనికొచ్చాయి.