ఢిల్లీ కనకాంబరం క్రోమోజోములు విడివిడిగా కనబడటం లేదు, ఏం చెయ్యాలి?

వేరుకొన:
అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడాది. ప్రాజెక్టుకి కనకాంబరం తీసుకున్నాను. మాది మదనపల్లె వైపు, పెరట్లో రెండు రకాలూ ఉన్నాయి. నాటు రకానికి ఎండిన కంకుల నిండా కాయలే. చినుకు తగిలితే చాలు, చిటపటమని పేలి గింజలు గోడకి కొడతాయి. ఢిల్లీ కనకాంబరానికి కంకి అలాగే ఎండిపోతుంది గానీ లోపల గింజ ఉండదు. అది ట్రిప్లాయిడ్ అని, అంటే క్రోమోజోముల సెట్లు మూడు ఉన్నదని, మొత్తం 30 క్రోమోజోములని చదువుకున్నాం. ఈ మొక్కల్లో మూల సంఖ్య, అంటే ఒక్కో సెట్టులో ఉండేవి, 10, అందుకే 20 ఉన్నవీ 40 ఉన్నవీ కూడా ఉన్నాయట. ఆ 30 నా కళ్ళతో చూడాలని పట్టు.

క్లాసులయ్యాక సాయంత్రం వేరు చివర్లు తెంపి, నేరుగా ఆల్కహాల్–ఎసిటిక్ ఆమ్లంలో వేసి, ఎసిటోకార్మిన్‌తో రంగు పట్టించి నలుపుతున్నా. విభజనలో ఉన్న కణాలే తక్కువ. ఉన్నవాటిలో గుప్పెడు నువ్వులు ఒకచోట పోసినట్టు ముద్దగా కనిపిస్తోంది. గైడ్ సారేమో హాయిగా ఉల్లిపాయ తీసుకో అంటున్నారు. గింజ ఎందుకు పట్టదో కూడా ప్రాజెక్టులో రాయాలి. ఎవరైనా దారి చెప్పండి.

స్లైడు_పిచ్చి:
ప్రీట్రీట్‌మెంట్ ఏదీ? అదే, ఆల్కహాల్–ఎసిటిక్ ఆమ్లంలో వేసేముందు వేర్లని మందులో నానబెట్టడం. అది లేకుండా ఉల్లిపాయ నెట్టుకొస్తుంది గానీ కనకాంబరం రాదు. పైగా సాయంత్రం వేర్లు! పొద్దున్నే తియ్యి.

పాత_పంతులు:
అమ్మా, నువ్వడిగినవి రెండు ప్రశ్నలు, కలిపేశావు. గింజ ఎందుకు పట్టదన్నదానికి జవాబు మొగ్గలో ఉంది, వేరులో కాదు. అందుకని ముందు పుప్పొడి చూడు. రేపు విచ్చుకోబోయే మొగ్గ తీసుకుని, కేసరం తలని ఎసిటోకార్మిన్ చుక్కలో చిదిపి, పది నిమిషాలు ఆగు. మంచి పుప్పొడి నిండుగా ఎర్రబడుతుంది. గొడ్డు పుప్పొడి రంగు పట్టక, ముడుచుకుపోయి కనిపిస్తుంది. నాటు రకాన్నీ అదే రోజు, అదే రంగుతో చెయ్యి. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ప్రాజెక్టు సగం అయినట్టే.

ఎందుకలా అంటావా. ట్రిప్లాయిడ్‌లో ప్రతి క్రోమోజోమూ మూడేసి. మియోసిస్‌లో, అంటే పుప్పొడి, అండం తయారయ్యేందుకు జరిగే కణవిభజనలో, రెండు ఒక వైపుకీ, మిగిలిన ఒకటి రెండో వైపుకీ పోతాయి. ఇలాంటి ముగ్గుర్లు పది. ఏ ముగ్గురిలో అదనంగా ఉన్నది ఎటు పోతుందో దాని ఇష్టం. అన్నీ కూడబలుక్కుని ఒకే వైపుకి పోతేనే ఒక కణానికి సరిగ్గా 10, రెండోదానికి సరిగ్గా 20 వస్తాయి. అది 512లో ఒక్కసారి. మిగతావన్నీ 13, 16, 17 అంటూ కుదరని లెక్కలు. ఇది కూడా ఏ క్రోమోజోమూ దారిలో తప్పిపోకుండా ఉంటేనే. నిజంగా చూస్తే మధ్యలో చిక్కుకున్నవి కనిపిస్తాయి. ఓపిక ఉంటే లేత కంకి నుంచి రకరకాల సైజుల మొగ్గలు పొద్దున పూట ఆల్కహాల్–ఎసిటిక్ ఆమ్లంలో వేసి ఫిక్స్ చేసి, మూడేసి జతకట్టినవి వెతుకు.

ఇక వేర్లు. కొమ్మ కటింగులని ఇసుక కుండీలో పెట్టు. బంకమట్టిలో పెడితే కడగడంలోనే కొనలు ఊడిపోతాయి. ఎండ ముదరకముందే తెల్లటి లేత కొనలు సెంటీమీటరు చొప్పున తెంపి 0.002 మోలార్ ఆక్సీక్వినోలిన్‌లో మూడు నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచు. ఇది క్రోమోజోములని రెండు వైపులకీ లాగే పోగుల్ని, అంటే స్పిండిల్‌ని ఆపుతుంది, క్రోమోజోములని పొట్టిచేసి విడదీస్తుంది. 1950లో ఈ మందుని ముందుకు తెచ్చినవాళ్ళు త్యో, లెవాన్. మనిషికి 46 క్రోమోజోములని 1956లో తేల్చిందీ ఆ ఇద్దరే! అది లేకపోతే పారాడైక్లోరోబెంజీన్ సంతృప్త ద్రావణం. 1950లలోనే కలకత్తాలో అరుణ్ కుమార్ శర్మ గారి బృందం దీన్ని బాగా వాడింది. ల్యాబు సీసాలోదే వాడు, బీరువాలో వేసే కలరా ఉండలు తెచ్చి వెయ్యకు. అవి నాఫ్తలీన్ కావచ్చు.

తర్వాత కడిగి, మూడు పాళ్ళ ఆల్కహాల్‌కి ఒక పాలు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపి ఒక రోజు. రంగుకి 2 శాతం ఎసిటో ఆర్సిన్ తొమ్మిది చుక్కలు, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క. స్పిరిట్ దీపం మీద ఆవిరి రాగానే తీసెయ్, మరగనివ్వకు. కొస ముదురు రంగులో కనిపించే రవ్వంత ముక్క ఒక్కటే ఉంచి, మిగతాది కోసి పారెయ్. 45 శాతం ఎసిటిక్ ఆమ్లంలో పెట్టి, కవర్‌స్లిప్ మీద సూది వెనకభాగంతో మెల్లగా తట్టు. బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో నిటారుగా నొక్కు. కవర్‌స్లిప్ పక్కకి జారిందా, ఆ స్లైడు పోయినట్టే.

చెయ్యి కుదిరేదాకా రియో మీద సాధన చెయ్యి. ఆకు కింద ఊదారంగు, పడవలాంటి తొడుగుల్లో తెల్లపూలు, పార్కుల్లో గట్ల వెంబడి కనిపించేది. దానికి 12 పెద్ద క్రోమోజోములే. మియోసిస్‌లో అవి కొసలు కొసలు పట్టుకుని వలయంగానో గొలుసుగానో కనిపిస్తాయి. ఒక్కసారి చూస్తే ఉల్లిపాయ పేరెత్తవు.

లెక్కపెట్టేటప్పుడు ఇంకో సంగతి. 30 రావాలని కూర్చుంటే 30 వచ్చి తీరుతుంది. స్లైడ్ల మీద రకం పేరు రాయకుండా నెంబర్లు వేసి, నీ స్నేహితురాలితో కూడా లెక్కపెట్టించు.

వేరుకొన:
సార్, చాలా థాంక్స్. ఫ్రిజ్ హాస్టల్లోది, వార్డెన్ గారిని ఒప్పించాలి.

కడియం_నర్సరీ:
పంతులు గారూ, నర్సరీవాణ్ణి, మధ్యలో దూరుతున్నా. మేము ఢిల్లీ రకం కటింగులతోనే పెంచుతాం. ఈమధ్య ఆన్‌లైన్లో "ఢిల్లీ కనకాంబరం గింజలు" అని ప్యాకెట్లు అమ్ముతున్నారు. జనం మమ్మల్నీ అవే అడుగుతున్నారు. ఏదైనా మందు పెట్టి దీనికి గింజ పట్టించొచ్చా?

పాత_పంతులు:
గింజ నుంచి మొలిచిందంటే అది ఢిల్లీ రకం కాదనే అనుకోండి. ఆ ప్యాకెట్లో నాటు రకమేదో ఉంటుంది.

మందు ఉంది, కాల్చిసిన్. మన అగ్నిశిఖ గింజల్లోనూ దుంపలోనూ ఉండేది అదే. చిగురుకి పెడితే 30 కాస్తా 60 అయ్యే అవకాశం ఉంది. అప్పుడు ప్రతి క్రోమోజోముకీ తోడు దొరుకుతుంది. కాగితం పూల మొక్కలో ఇలా చేశారు. గింజ పట్టని మిసెస్ మెక్‌లీన్ రకానికి లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర సంస్థలో ఖోషూ గారి బృందం క్రోమోజోములు రెట్టింపు చేసి, దాన్ని సంకరాలకి పనికొచ్చేలా చేసింది. కానీ కాల్చిసిన్ విషం. నర్సరీలో చేతులతో కలిపే పని పెట్టుకోకండి. అయినా మీకెందుకు గింజ? మీరు అమ్మేది పువ్వు కోసం పెంచే మొక్క. కటింగు పెడితే అచ్చం తల్లి మొక్కే వస్తుంది, గింజలో ఆ భరోసా లేదు.

వేరుకొనా, పుప్పొడి ఫోటోలు వచ్చాక ఇక్కడే పెట్టు. ఎంత పెద్దది చేసి తీశావో కింద రాయి.