ఇండోనేషియా పాట నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా?

మువ్వగోపాల్:
2008లో మలేషియా కళాకారుల సంఘం ఒకటి అక్కడి ప్రభుత్వాన్ని ఓ కోరిక కోరింది. రేడియోలో వేసే పాటల్లో 90 శాతం మలేషియావే ఉండాలి, ఇండోనేషియా పాటలు 10 శాతం దాటకూడదు అని. పీటర్‌పాన్, షీలా ఆన్ 7 లాంటి ఇండోనేషియా బ్యాండ్లు అప్పట్లో అక్కడ అంతగా మోగిపోయేవి మరి. పక్క దేశం పాటను తట్టుకోలేక సర్కారు దగ్గరికి పరిగెత్తారంటే ఆ పాటకు అంత బలం ఎక్కడిది? సినిమా మీద ఆధారపడకపోవడమే అని నా వాదన. అక్కడ పాట అంటే పాడేవాడు గుర్తొస్తాడు, మన దగ్గర హీరో గుర్తొస్తాడు. సినిమా బయట మనకు పాటే లేదు. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
కాదంటాను. రెండు దేశాల భాషా దాదాపు ఒకటే. జనాభాలో ఇండోనేషియా మలేషియాకు ఎనిమిది రెట్ల పైమాటే. నీరు పల్లమెరుగు అన్నట్టు పాట అటు పారింది. ఇందులో నేర్చుకోవడానికేముంది? అయితే 1989లో సెర్చ్ అనే మలేషియా బ్యాండు పాట ‘ఇసబెల్లా’ ఇండోనేషియాను ఊపేసింది. అప్పుడు జనాభా లెక్క మారలేదు కదా అంటారేమో, ఒక్క పాటతో లెక్క తప్పదు.

సురబాయ రిటర్న్:
మాస్టారూ, మీ లెక్క దేశం దాటిన పాటకు సరిపోతుంది. దేశం లోపల సంగతి వేరండీ. నేను ఇండోనేషియాలో సురబాయ దగ్గర నూలు మిల్లులో నాలుగేళ్లు చేశాను. మా క్వార్టర్స్ వెనకాల ఊళ్లో పెళ్లంటే రోడ్డుకు అడ్డంగా టెంటు, మనిషెత్తు స్పీకర్లు, ‘దంగ్‌దుత్’ పాటలు. డోలు మీద దెబ్బ ‘దంగ్’, ‘దుత్’ అని వినబడుతుంది కాబట్టి ఆ పేరు. మన హిందీ సినిమా పాటల ప్రభావం అందులో బోలెడు. పాత రోజుల్లో ఎల్యా అనే గాయని పాడిన ఓ పాట పేరే ‘ఇండియా బొమ్మ’.

స్టేజీ మీద ఆ అమ్మాయి పాడుతుంటే చుట్టాలు ఒక్కొక్కరే ఎక్కి నోట్లు చేతిలో పెడతారు. దాన్ని ‘సావేరన్’ అంటారు. ఇచ్చినవాడి పేరు మైకులో చెప్పకపోతే అలక. మన నాటకాల్లో చదివింపులే అనుకోండి, హార్మోనియం ఒక్కటే తక్కువ! చదువుకున్నవాళ్లు మాత్రం దాన్ని ‘కంపుంగాన్’ అని ఈసడించేవారు, అంటే మోటు, పల్లెటూరి సరుకు అని. 2003లో ఇనుల్ దరతిస్త అనే తూర్పు జావా పిల్ల నడుము తిప్పుడు మీద దేశమంతా రచ్చ జరిగింది. దంగ్‌దుత్ రాజు అనిపించుకున్న రోమా ఇరామానే ఆమెకు అడ్డం తిరిగాడు. అయినా ఆమె ఆగలేదు. అంతకుముందే పెళ్లి స్టేజీల వీసీడీలు సంతలో దొంగ కాపీలుగా అమ్ముడై, ఆమె పేరు ఊరూరా పాకిపోయింది.

ఇంకోటి. దిది కెంపోత్ అనే గాయకుడు పాడింది దేశభాషలో కాదు, జావా భాషలో. ఆ భాష వాళ్లు కూడా దాదాపు మనంతమందే. ‘కెంపోత్’ అంటే పేవ్‌మెంట్ గాయకుల బృందం అనే మాటకు పొట్టి పేరు. రోడ్డు మీద గిటారు పట్టుకుని మొదలైన మనిషి. సోలో అనే ఊరి రైల్వే స్టేషన్లో విడిపోయిన ప్రియురాలి మీద పాడాడు. 2019లో, యాభై దాటాక, కాలేజీ పిల్లలు ‘మనసు ముక్కలైన దోస్తులం’ అంటూ ఆయన వెంటపడ్డారు. మరుసటి ఏడాదే పోయాడు.

కరీంనగర్ పోరడు:
గోపాలన్నా, సినిమా బయట పాట లేదని ఎట్లంటవ్? మా దిక్కు బతుకమ్మ పండుగ వచ్చిందంటే యూట్యూబ్‌ల కొత్త పాటలు ఎన్నొస్తయో లెక్కలేదు. బరాత్‌ల డీజే పెడితే సగం జానపదాలే. సినిమావాళ్లే వచ్చి మా పాటలు ఎత్తుకపోతరు. నీకు వినబడకపోతే అది పాట తప్పా?

మువ్వగోపాల్:
తమ్ముడూ, ఒప్పుకున్నాను. ‘లేదు’ అన్నది నా తొందరపాటే. కానీ ఆ పాట మీ జిల్లా దాటి మా భీమవరం పెళ్లి ఊరేగింపుకు రావాలంటే మధ్యలో ఓ సినిమా ఉండాల్సి వస్తోంది. అక్కడ 2022 ఆగస్టు 17న, వాళ్ల స్వాతంత్య్ర దినం నాడు, ఫారెల్ ప్రయోగ అనే పన్నెండేళ్ల పిల్లాడు అధ్యక్ష భవనంలో జావా పాట పాడితే మంత్రులు లేచి ఆడారు. ఏ సినిమాలోదీ కాదు.

లెక్కల మాస్టారు:
ప్రభుత్వాన్ని మెచ్చుకోకండి. అక్కడి ప్రభుత్వమే 1965లో బీటిల్స్ అనే ఇంగ్లిష్ బ్యాండు బాణీలో పాడుతున్నారని కోయెస్ అన్నదమ్ముల్ని జైల్లో వేసింది.

సురబాయ రిటర్న్:
వేసింది, వాళ్లు బయటికొచ్చాక ఇంకా పెద్ద పేరు తెచ్చుకున్నారు. అందుకే కోటాలూ నిషేధాలూ పాట జోలికి రాకూడదంటాను.

కీబోర్డు రాణి:
నేను పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రాలో వాయిస్తాను, ఇరవై ఏళ్లయింది. మీ అందరి మాటలూ చదివాక ఒక్కటే అడగాలనిపించింది. ఆ సావేరన్ నోట్లలో డోలు వాయించేవాడికి ఎంత వస్తుంది? పోయిన మాఘమాసంలో ఓ ఫంక్షన్లో ఏడు గంటలు వాయించాను. మేనేజరు ఇప్పటికీ ‘రేపు రామ్మా’ అంటున్నాడు. సొంత పాట ఒకటి కట్టుకున్నాను కూడా. అది మొదలెడితే జనం ఐస్‌క్రీమ్ దగ్గరికి లేస్తారు, సినిమా పాట అందుకోగానే కుర్చీలు నిండుతాయి.

లెక్కల మాస్టారు:
అమ్మా, అసలు ప్రశ్న మీరే వేశారు. అక్కడా ఇదే గొడవ. తన పాటను మూడు కచేరీల్లో అనుమతి లేకుండా పాడిందని ఆగ్నెజ్ మో అనే పెద్ద గాయని మీద పాట రాసినాయన కేసు వేశాడు. 2025 జనవరిలో జకార్తా కోర్టు 150 కోట్ల రూపియాలు (వాళ్ల డబ్బు) కట్టమంది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. డబ్బు పాడేవాళ్లు కట్టాలా, కచేరీ పెట్టినవాళ్లు కట్టాలా అని వాళ్లలో వాళ్లే రెండు ముఠాలయ్యారు.

సురబాయ రిటర్న్:
రాణి గారూ, నేను చూసినంతలో నోట్లు ముందు పాడే అమ్మాయి చేతికే వెళ్లేవి. ఆట అయ్యాక స్టేజీ వెనకాల లెక్కపెట్టి పంచుకునేవారు. డోలాయన వాటా మీద ఓ రాత్రి పెద్ద గొడవే జరిగింది. ఎంతిచ్చారో అడగలేదు, షిఫ్టుకు టైమైపోయింది.

కరీంనగర్ పోరడు:
రాణక్కా, మీ పాట లింకు పెట్టుండ్రి. మా అన్న బరాత్ వచ్చే నెలల ఉన్నది.