కణంలోకి ప్రోటీన్‌నే పంపాలా, ఎంఆర్ఎన్ఏ పంపితే చాలదా?

పిపెట్టు పంతులు:
ప్రోటీన్ మందును కణంలోకి మోసుకెళ్లే నానో వాహకాల కోసం ఇంత పాటు దేనికి? ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఎంఆర్ఎన్ఏ ఇస్తే కణమే దాన్ని వండుకుంటుంది కదా. ఏ ఆర్ఎన్ఏకైనా ఒళ్లంతా రుణావేశమే కాబట్టి దాదాపు ఒకే తరహా కొవ్వు రేణువు అన్నింటికీ పనికొస్తుంది. ప్రోటీన్లకు ఒక్కోదానికి ఒక్కో ఆకారం, ఒక్కో ఆవేశం. ప్రతిదానికీ కొత్త పెట్టె చేయాలి.

రాత్రి షిఫ్టు:
వండుకోవడం సరే పంతులుగారూ, పొయ్యి ఎవరు ఆర్పుతారు? డీఎన్ఏను కోసే కాస్9 ప్రోటీన్‌నే తీసుకోండి. ఎంఆర్ఎన్ఏగా వెళితే ఆ ఎంఆర్ఎన్ఏ అరిగేదాకా కణం దాన్ని చేస్తూనే ఉంటుంది, కోయకూడని చోట కూడా కోసే ప్రమాదం పెరుగుతుంది. ఎక్కడ కోయాలో చూపే గైడ్ ఆర్ఎన్ఏతో జతచేసి ప్రోటీన్‌గానే పంపితే పని ముగించి ఒకటి రెండు రోజుల్లో అరిగిపోతుంది. 2023లో సికిల్ సెల్ వ్యాధికి అనుమతి పొందిన క్యాస్జెవీ చికిత్సలో చేసింది అదే.

పిపెట్టు పంతులు:
మంచి ఉదాహరణే, నా వైపుకు! అక్కడ నానో వాహకం ఏదీ? మూలకణాలను బయటికి తీసి, విద్యుత్ పల్స్‌తో పొరకు చిల్లులు పెట్టి ఎక్కించారు. 2021లో మనుషుల కాలేయంలోనే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ జన్యువును సవరించినప్పుడు కొవ్వు రేణువుల్లో వెళ్లింది కాస్9 ఎంఆర్ఎన్ఏనే.

మైక్రోస్కోపు గది:
లోపలికి వెళ్లడం వేరు, పనిచేసే చోటికి చేరడం వేరు. ఎర్ర రంగు అంటించిన ప్రోటీన్‌ను రేణువుల్లో పెట్టి ఇస్తుంటాను. మర్నాడు చూస్తే కేంద్రకం చుట్టూ ఆవాలు చల్లినట్టు చుక్కలు. అవి ఎండోసోమ్‌లలో, అంటే కణం బయటి నుంచి మింగినవాటిని ఉంచే సంచుల్లో, చిక్కినవి. కణమంతా సమంగా ఎర్రబారితేనే బయటపడ్డట్టు, అది చాలా అరుదు. తప్పించుకున్న ఒక్క ఎంఆర్ఎన్ఏ ఎన్నో ప్రోటీన్లు చేయిస్తుంది. ప్రోటీన్ తప్పించుకుంటే ఒక్కటే. ఇక్కడ పంతులుగారి మాట నిజం. గౌషే అనే వంశపారంపర్య జబ్బుకిచ్చే ఎంజైమ్ లాంటివి మినహాయింపు: అది చేరాల్సిందే కణంలో వ్యర్థాలను అరిగించే లైసోసోమ్ సంచికి, అందుకే 1990ల నుంచి వాహకం లేకుండానే ఇస్తున్నారు.

ఇంకో మాట. చూసే ముందు కణాలను ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచకండి. టాట్ పెప్టైడ్ (కణంలోకి చొరబడే చిన్న ప్రోటీన్ ముక్క) నేరుగా కేంద్రకంలోకి దూసుకుపోతుందని చూపిన బొమ్మల్లో చాలావరకు ఆ స్థిరీకరణ కల్పించిన భ్రమేనని 2003లో తేలింది.

రాత్రి షిఫ్టు:
చుక్కల విషయం ఒప్పుకుంటాను. అందుకే మేం రంగును నమ్మడం మానేసి క్రీ ఎంజైమ్ వాడుతున్నాం. అది కేంద్రకంలో డీఎన్ఏను కత్తిరించి అతికిస్తేనే కణం వెలుగుతుంది. పోయిన నెల ఒక పళ్లెం నిండా చుక్కలే, వెలిగినవి ఏడు కణాలు. ఎనిమిదోది దుమ్ము.